కుప్పం మ్యాచీ రోజు కట్టిన రెండు కట్లు

మొన్న ఫోనులో మీలో పెద్దవాడు అడిగాడు, "అవ్వా, అన్నేళ్ళు నర్సుగా చేశావు కదా, నీ చేతిలో జరిగిన పెద్ద తప్పేంటి?" అని. పక్కనుంచి చిన్నది అందుకుని, "అవ్వ తప్పులు చేయదురా, మనవి కనిపెడుతుంది" అంది. నవ్వేసి ఫోను పెట్టేశాను. అది రెండు మాటల్లో తేలే సంగతి కాదు. అందుకే కూచుని రాస్తున్నాను. నా రాత గొలుసుకట్టుగా ఉంటుంది, చదవలేకపోతే మీ అమ్మను అడగండి.

తప్పులు చాలానే చేశానురా. చాలా వాటిని నేనూ, నా రోగీ, దేవుడూ తప్ప ఇంకెవరూ చూడలేదు. ఒక్కటి మాత్రం ఊరంతా చూస్తుండగా, ఫుట్‌బాల్ గ్రౌండులో చేశాను. మీకు ఆటంటే పిచ్చి గదా, అది మీకే చెప్పాలి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మదనపల్లెలో మిషను ఆసుపత్రిలో నర్సు పరీక్ష పాసై ఏడాది అయింది. దూరంగా యుద్ధం జరుగుతోంది. దాని సెగ మాకు ఇంకో రకంగా తగిలింది. మగవాళ్ళకు కట్లు కట్టే డ్రెస్సరు పట్టాళంలో చేరి వెళ్ళిపోయాడు. ఆ డ్రెస్సింగు గదిలోకి ఆడమనిషిని పంపడం అంతకుముందు ఎప్పుడూ లేదు. నన్ను పంపారు. నాకు అది కిరీటం పెట్టినట్టే ఉండింది.

కట్టుగుడ్డకు కూడా కరువే. వాడిన పట్టీలన్నీ ఉతికి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ చుట్టలు చుట్టి దాచేవాళ్ళం. మా పెద్ద సిస్టరు తెల్లదొరసాని. ఆమె తెలుగు ప్రార్థన పుస్తకాల నుంచి నేర్చుకున్న తెలుగు. "కుమార్తే, కాలికి కట్టు కట్టునప్పుడు వ్రేళ్ళ మొదటనుండి ఆరంభింపుము. నడుమ కిటికీ విడువకుము" అనేది. కిటికీ అంటే మధ్యలో కట్టు పడని చోటు. అలా కిటికీ వదిలితే వాపు అక్కడే పోగవుతుందని ఆ నియమం. మంచి నియమమే. అది నాకు ఎంత బాగా వచ్చేదంటే, నా కట్టు చూసి ఎవరు కట్టిందో చెప్పేవాళ్ళు. ఆ గర్వమే తర్వాత నా కళ్ళు మూసింది.

ఒకరోజు పొద్దున పుంగనూరు బస్సు దిగి ఒక యువకుడు తల్లి భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి. సన్నగా, ఎండలో కాగిన ఒళ్ళు. ఎడమ చీలమండ గుమ్మడికాయంత ఉబ్బింది. దాని మీద పసుపూ గుడ్డుసొనా పట్టించి, దళసరి నవారు పట్టీతో బిగించి ఉంది. నవారు అంటే మంచాలకు అల్లే పట్టీ. ఆ తల్లి పుంగనూరులో నవారు నేసే ముస్లిం ఇంటావిడ. తెల్ల దుప్పటి తల మీదనుంచి కప్పుకుని, చేతులు మాత్రం బయటికి కనబడేలా నిలబడింది. ఆ వేళ్ళు నా వేళ్ళకంటే రెండింతలు లావు.

ఆ పట్టీ చూడగానే నాకు ఒళ్ళు మండింది. "ఇదేందమ్మా, మనిషి కాలా ఇది, మంచం కోడా?" అని కత్తెరతో దాన్ని నిలువునా కోసి బకెట్లో పడేశాను.

ఆమె ఆ బకెట్ వైపు చూసింది. "మంచం కోడైతే నేను ఇంత దూరం తెస్తానా తల్లీ? ఆ పట్టీ వీని కాలు కోసమనే సన్నంగా నేసింది. నాలుగు దినాలు పట్టింది నాకి."

"ఇంటికాడ నేసుకో అమ్మా. ఈడ మా పద్ధతి మాది."

"సరేలే," అంది ఆమె. "ఎవరి మగ్గం వాళ్ళది."

డాక్టరమ్మ చూసి ఎముక విరగలేదు, కీలు పట్టుకునే నరాలు సాగిపోయాయి అంది. మూడు వారాలు నేల మీద బరువు మోపకూడదు. ఆ మాటకు వాడి మొహం పాలిపోయింది.

"ఏం పని చేస్తావప్పా?" అని పేరు రాసుకునేటప్పుడు అడిగాను.

"బాలాట సిస్టరమ్మా."

"ఆట సరే. పని?"

"అదే పని."

నేను నమ్మలేదు. అప్పుడు తల్లి చెప్పింది. బెంగుళూరులో ఒక మిల్లుకు ఫుట్‌బాల్ టీము ఉంది. వీడు పుంగనూరు మైదానంలో ఆడుతుంటే ఎవరో చూసి తీసుకుపోయారు. మిల్లు పుస్తకంలో మగ్గం మీద పనివాడని రాసి ఉంటుందిగానీ, వాడు పొద్దునా సాయంత్రం ఆడటమే, దానికే జీతం. "మగ్గం ముట్టుకోకుండా మగ్గం కూలి తినేవాడు మా వంశంలో వీడొక్కడే" అని ఆమె అంటే, ఆ మాటలో ఎగతాళి ఎంతో గొప్ప ఎంతో నాకు తెలియలేదు.

వాడి జేబులో ఒక ఉత్తరం ఉంది. ఇంకో ఇరవై నాలుగు రోజుల్లో కుప్పంలో బంగారు గనుల టీముతో వాళ్ళ మ్యాచీ. దానికి వచ్చి ఆడితే సరి. ఆడలేకపోతే ఎడమ అంచున వాడి జాగా ఇంకొకడికి ఇచ్చేస్తారు. జాగా పోతే ఉద్యోగం కూడా పోయినట్టే. వాడు చదువుకోలేదు కాబట్టి నాచేత మళ్ళీ చదివించుకున్నాడు, మొదటిసారి చదివినవాళ్ళు ఏదైనా వదిలేశారేమోనని.

"ఇరవై నాలుగు దినాలు చాలుతాది" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. డాక్టరమ్మ అలా అనలేదు.

మదనపల్లెలో వాళ్ళ పిన్నమ్మ ఇల్లుంది, అక్కడ దిగాడు. రోజూ వచ్చేవాడు. ఉప్పు వేన్నీళ్ళలో కాలు పెట్టించి, తర్వాత కట్టు కట్టేదాన్ని. రెండో వారంనుంచి కీలును అన్ని వైపులకూ కదిలించాలని పెద్ద సిస్టరు చెప్పింది. ఊరికే కదిలించమంటే వాడికి విసుగు. నేను ఒక పళ్ళెంలో ఇసుక పోసి, కాలి బొటనవేలితో అక్షరాలు దిద్దించాను. 'అ' దగ్గర మొదలుపెట్టి, కీలు ఎటు తిరగనని మొండికేస్తే అటు తిరిగే అక్షరం ఇచ్చేదాన్ని. 'ఱ' వాడికి ప్రాణం తీసేది.

"ఏమక్కా, గోలు కొట్టేదానికి ఇన్ని వంకరలు కావల్నా?"

"నీ కాలు అడుగు, నన్ను కాదు."

"నా కాలు మీతో మాట్లాడితే మీరు ఇనుకోవడం లేదే."

అప్పుడు నవ్వుకున్నాను. ఆ మాటను నిజంగా వినివుంటే ఈ కథే లేదు.

ఇరవై ఒకటో రోజుకు నడిచాడు. ఇరవై రెండో రోజు ఆసుపత్రి వెనక ఖాళీ స్థలంలో పరిగెత్తాడు. వంటమనిషి గుమ్మడికాయ తీసుకుపోతుంటే అది లాక్కుని తన్నబోయాడు కూడా. ఆమె గరిటెతో తరిమింది.

కుప్పంలో మా మిషనుదే చిన్న డిస్పెన్సరీ ఒకటుండేది. నెలకోసారి అక్కడికి మందులూ కట్టుగుడ్డలూ తీసుకుపోవాలి. ఈసారి నేను పోతానని పెద్ద సిస్టరును అడిగాను. ఎందుకో ఆమెకు తెలుసు. "ఆ తల్లి తోడు వచ్చునట్లయితే పొమ్ము" అంది. అలా మేం ముగ్గురం బయలుదేరాం.

పెట్రోలు దొరకని రోజులవి. బస్సు వెనకాల బొగ్గుల పొయ్యి తగిలించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. ఎత్తు వస్తే బస్సు ఆగిపోయేది, అందరూ దిగి తోయాలి. పలమనేరు దాటాక ఒక మెట్ట దగ్గర మగవాళ్ళతోపాటు వీడూ తోయడానికి దిగబోతే, తల్లీ నేనూ ఒకేసారి అరిచాం, "కూచో!" అని. బస్సంతా నవ్వింది. ఆ ఒక్క విషయంలోనే అప్పటికి మేమిద్దరం కలిశాం.

మ్యాచీ రోజు. డిస్పెన్సరీ వరండాలో వాణ్ణి కూచోబెట్టి కట్టు మొదలుపెట్టాను. వాళ్ళు బూట్లు లేకుండా ఆడేవాళ్ళు, ఉత్త కాళ్ళతో. ఆరోజుల్లో మనవాళ్ళలో చాలామంది అంతే. నేను వేళ్ళ మొదట్లో పట్టీ పెట్టానో లేదో వాడు కాలు లాక్కున్నాడు.

"పాదం మీద వద్దక్కా. కీలుకు మాత్రం కట్టండి."

"అట్లా కడితే కిటికీ అవుతాది. వాపంతా ఆడ చేరుతాది."

"కానీలే. పాదం వదిలెయ్యండి."

"నేను నిన్ను నడిపించింది ఊరికేనా? నా మాట ఇను."

వాడు తల్లి వైపు చూశాడు. ఆమె గోడవైపు చూసింది. మదనపల్లె బకెట్ ఆమె మరిచిపోలేదు. వాడు కాలు చాపాడు. వేళ్ళ మొదటినుంచి పిక్క వరకూ, ఒక మడత కూడా ఎగుడుదిగుడు లేకుండా కట్టాను. పెద్ద సిస్టరు చూస్తే ముచ్చటపడేది. నా ఉద్యోగంలో అంత అందమైన కట్టు మళ్ళీ కట్టలేదేమో.

గ్రౌండు రాళ్ళ నేల. చుట్టూ జనం. ఎద్దుబండ్ల మీద కూడా ఎక్కి నిలబడ్డారు. ఆడవాళ్ళం పదిమందిమి ఒక బండి నీడలో కూచున్నాం. గనుల టీముకు బూట్లున్నాయి. ఆట మొదలైన కాసేపటికి బంతి ఎడమ అంచుకు వచ్చింది. మనవాడు పాదం పెట్టి ఆపబోయాడు. బంతి పాదం మీదనుంచి సబ్బు మీద జారినట్టు జారి గీత దాటిపోయింది.

రెండోసారీ అంతే. మూడోసారికి జనం మొదలుపెట్టారు.

"ఏమప్పా, ఆటాడను వచ్చినావా, గాయం మాన్పుకోను వచ్చినావా?"

"పెండ్లికొడుక్కి పారాణి ఆరలేదంట, గుడ్డ సుట్టినారు!"

గనుల టీము ఒక గోలు వేసింది. తర్వాత మనవాడికి గోలు ఎదురుగా, అడ్డం ఎవరూ లేకుండా బంతి దొరికింది. నేను సైతం లేచి నిలబడ్డాను. తన్నాడు. బంతి గోలుకు పోలేదు, మా ఎద్దుబండికి తగిలింది. ఎద్దు బెదిరింది. మిల్లు మేనేజరు గీత పక్కన కుర్చీలో కూచుని ఉన్నాడు, గొడుగు మూసి మోకాళ్ళ మీద పెట్టుకుని వేరే వైపు చూడసాగాడు.

నొప్పేమో అనుకున్నాను మొదట. కానీ వాడు కుంటడం లేదు. పరుగు బాగుంది. కీలు బాగుంది. ప్రతిసారీ బంతి తగలగానే వాడు తలవంచి తన పాదాన్ని చూసుకుంటున్నాడు, అది వేరేవాళ్ళ పాదం అయినట్టు. అప్పుడు నాకు తెలిసింది. చెడింది కాలు కాదు, దాని మీద ఉన్న నా పని.

హాఫ్‌టైము ఈల వేశారు. ఆ రోజుల్లో అంతమంది మగవాళ్ళ మధ్యలోకి ఆడమనిషి నడిచిపోవడం లేదు. కత్తెర సంచీ పట్టుకుని నడిచాను. ఎవరో ఈల వేశారు. ఇంకెవరో, "ఒరేయ్, ఆసుపత్రి సిస్టరురా, నోరు ముయ్" అన్నారు. వాడు నేల మీద కూచుని ఉన్నాడు.

"ఏమైందప్పా?"

"నా కాలికి కండ్లుండేది ఈడక్కా," అని పాదం పైభాగం తట్టి చూపించాడు. "బంతి ఎట్లా వస్తాండాదో, యాడ తిరుగుతాదో ఈడే తెలుస్తాది. మీరు కండ్లకు గంతలు కట్టేస్తిరి."

కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు.

కత్తెర తీసి నా అందమైన కట్టును కోసేశాను. కోశాక చేతులు ఆగిపోయాయి. పాదం వదిలి కీలు ఒక్కదాన్నే గట్టిగా పట్టే కట్టు నాకు రాదు. మెత్తని పాత గుడ్డ కీలు మీద నిలవదు, పది అడుగులకే జారిపోతుంది. కట్టు లేకుండా ఆడితే కీలు మళ్ళీ సాగుతుంది. ఆట మొదలవడానికి ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి.

తలెత్తి బండి నీడవైపు చూశాను. ఆమె అప్పటికే లేచి వస్తోంది. దుప్పటి సర్దుకుంటూ, రొండిన దోపుకున్న పట్టీ చుట్ట ఒకటి తీసింది. కొత్త నవారు. మామూలు నవారులో సగం వెడల్పు.

"మళ్ళీ నేసినావా అమ్మా?"

"నీ గుడ్డ ఎన్నాళ్ళుంటాదో సూద్దామనుకున్నా," అంది. "పక్కకి జరుగు."

జరిగాను. ఆమె పట్టీని మడమ కిందుగా దూర్చి, రెండు వైపులా పైకి లాగి, కీలు వెనక తిప్పి, ముందు కత్తెర మాదిరి దాటించి మళ్ళీ కిందికి తెచ్చింది. పాదం పైభాగం, వేళ్ళు, ముందరి అరికాలు అన్నీ ఖాళీ. లాగేటప్పుడు పళ్ళు బిగించింది. మగ్గం మీద కూచున్నప్పుడు కూడా అలాగే బిగిస్తుందేమో.

నాలో ఉన్న నర్సు ఊరుకోలేదు. "వాపు పాదంలోకి దిగుతాదమ్మా" అన్నాను.

"దిగితే రాత్రికి దిగుతాది. ఆట సాయంత్రానికే అయిపోతాది."

పిల్లలూ, నా కత్తెర సంచీలో పెట్టేశాను.

రెండో సగం మీకెలా చెప్పను? మొదటి బంతి వచ్చింది. వాడు తల వంచలేదు. బంతి పాదం మీద ఆగి, వాడు ఏం చెబుతాడా అని చూస్తున్నట్టు ఉండిపోయింది. బూట్ల ఆటగాడొకడు మీదికి వస్తే, ఆ బూటు కింద సందులోనుంచి బంతిని దాటించి తను పక్కనుంచి పోయాడు. అంతకుముందు పారాణి అన్నవాడే, "అట్లా పో నాయనా, అట్లా పో!" అని అరిచాడు. చివర్లో అంచునుంచి వంపుగా ఒక బంతి కొట్టాడు. గోలు ముందర ఉన్న మిల్లు టీముమనిషి దానికి కాలు తగిలించడమే మిగిలింది. ఇద్దరికీ చెరొక గోలుతో ఆట ముగిసింది. గెలవలేదు. కానీ ఆ సగం ఆట చూసినవాళ్ళెవరూ ఓడామని అనుకోలేదు.

ఆట అయ్యాక మేనేజరు గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. బెంగుళూరు మనిషి, తెలుగులో కన్నడం కలుస్తుంది.

"నోడప్పా, సెకండాఫు ఆడింది నువ్వు. ఫస్టాఫు ఆడింది ఎవరో నాకు తెలీదు." తర్వాత నావైపు తిరిగి, "భలే కట్టినారు సిస్టర్" అన్నాడు.

నిజం చెబుతాను, తల ఊపాను. ఒక్కసారి. తర్వాత ఆమె వైపు చూసి, "ఈ కట్టు ఆమెది సార్. ఫస్టాఫు కట్టు నాది" అన్నాను. ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"సరిపోయింది. బెంగుళూరులో వారానికో మ్యాచీ ఉంటాది. వీని కాలు ఎవరు కడతారు? మీ ఇద్దర్నీ టీములో ఏసుకోవాల్నా నేను?" వాడివైపు తిరిగాడు. "సాయంత్రం రైలుబండి ఉండాది. బండొచ్చేలోపల నీ కాలు నువ్వే కట్టుకోని సూపించు. కట్టుకుంటే మాతో ఎక్కు. లేదంటే అమ్మతోపాటు పుంగనూరు బస్సెక్కు. అమ్మ కట్టనిది ఆడలేనోడు నాకి వద్దు."

కఠినంగా అనిపించినా ఆయన అడిగింది న్యాయమే. నేనైనా అదే అడిగేదాన్ని.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మదనపల్లెకు తిరిగొచ్చాక పెద్ద సిస్టరుకు జరిగిందంతా ఒప్పుకున్నాను. డ్రెస్సింగు గదినుంచి తీసేస్తుందనుకున్నాను. ఆమె మాత్రం, "ఆ స్త్రీ ఎచ్చట నివసించును?" అని అడిగింది. తర్వాతి ఆదివారం నన్ను పుంగనూరు పంపింది, ఆ కట్టు నేర్చుకుని రమ్మని. ఆ మగ్గం పక్కన కూచుని నేర్చుకున్నాను. నాలుగుసార్లు విప్పించింది, ఐదోసారికి, "మంచానికైతే పనికొస్తాది" అంది. అప్పటినుంచి పని విరమించేదాకా, కట్టు కట్టే ముందు "ఏం పని చేస్తావప్పా?" అని అడగడమే కాదు, చేసి చూపించమనేదాన్ని. కుమ్మరి బొటనవేలికీ, దర్జీ చూపుడువేలికీ కట్టు ఒకటి కాదు. ఆ కుప్పం మ్యాచీ తర్వాత ఆ కుర్రవాడు ఆరేళ్ళు మిల్లు టీములో ఎడమ అంచున ఆడాడు. తర్వాత నిజంగానే మగ్గాల దగ్గర మేస్త్రీ అయ్యాడు. కీలు మళ్ళీ చెడలేదు.

ఇప్పుడు మళ్ళీ ఆ సాయంత్రానికి, కుప్పం రైలు స్టేషనుకు రండి.

ప్లాట్‌ఫారం మీద టీమంతా పెట్టెల మీద కూచుని ఉంది. వాడు నేల మీద కూచుని తన కాలితో కుస్తీ పడుతున్నాడు. మొదటిసారి పట్టీ మడమ కింద జారింది. రెండోసారి కత్తెర దాటు తప్పి ముడి అరికాలి కిందికి వచ్చింది. టీమువాళ్ళు ఊరుకుంటారా!

"వానికి కాలు కట్టేది రాదు, బండి మాత్రం దాటిపోతాది!"

"అమ్మీ, రొంత సాయం పట్టు" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

ఆమె చేతులు దుప్పట్లో దాచుకుంది. "ఈ చేతులు పుంగనూరుకు పోతాండాయి. నీ చేతులు యాడికి పోతాండాయో నువ్వే సెప్పు."

నాకూ వేళ్ళు దురద పెట్టాయి. ఇప్పుడే చూశాను, కొంచెం గుర్తుంది, ఒక్క మాట చెబితే చాలు. ఆమె నావైపు ఒక చూపు చూసింది. నేను కట్టుగుడ్డల పెట్టె మీద కూచుని నా చేతులు కింద పెట్టుకున్నాను.

మూడోసారి విప్పాడు. సిగ్నలు పడింది. వాడు కళ్ళు మూసుకుని పట్టీని మడమ కింద పెట్టాడు, చేత్తో చూసుకుంటూ తిప్పాడు. బండి వచ్చి ఆగింది. టీమువాళ్ళు సామాను ఎక్కించారు. వాడు పట్టీ కొసను పళ్ళతో పట్టుకుని, పట్టిన కొస వదలకుండా, ఒంటికాలితో గెంతుతూ డబ్బా తలుపు దగ్గరికి పోయి మెట్టు మీద కూచున్నాడు. కట్టు మొత్తం వచ్చింది. కత్తెర దాట్లు సరిగ్గా ఉన్నాయి. ముడి ఒక్కటే మిగిలింది. మేనేజరు వంగి చూశాడు, గొడుగు కొనతో కట్టును తట్టి చూశాడు, లోపలికి పోయాడు.

అప్పుడు ఆమె ముందుకు వెళ్ళింది. వంగి చూసి, "వదులుగా ఉండాది" అంది.

వాడి మొహం పడిపోయింది. ఆమె వాడి పళ్ళ మధ్యనుంచి పట్టీ కొస తీసుకుని, కాలు మెట్టుకు ఆనించి, మగ్గం మీద లాగినట్టు ఒక్కసారి లాగింది. గార్డు ఈల వేశాడు. బండి కదిలింది. ఆమె ఆ కొస పట్టుకునే రెండడుగులు పక్కన నడిచింది. పట్టీ బిగువుగానే ఉంది. తర్వాత దాన్ని వాడి చేతిలో పెట్టి వదిలేసింది.

"ఇంగ ముడి నువ్వే ఏసుకో!"

బండి మలుపు తిరిగేలోపల వాడు ముడి వేసుకున్నాడు. మేమిద్దరం చూశాం.